వెన్నుపూస ఒకటి మిగిలింది

నాకు చిన్నప్పటి నుంచీ ఒక పిచ్చి. పందొమ్మిదో శతాబ్దంలో రాళ్లలోంచి ఎముకలు తవ్వి, ఎవరూ చూడని జంతువులకు పేర్లు పెట్టినవాళ్ల కథలు ఎక్కడ దొరికినా వదలను. వాళ్లకు ఒక్క పన్ను దొరికితే చాలు, దాని చుట్టూ ఇల్లంత బల్లిని నిలబెట్టేవారు. ఒకసారి బొటనవేలి ఎముకను తెచ్చి ముక్కు మీద కొమ్ములా అతికించారు కూడా. పేరు పెట్టేది దొరలు. రాయి పగలగొట్టిన కూలీ పేరు నాకెక్కడా కనబడలేదు. అయ్యో అనుకునేవాణ్ణి గానీ, ఊహల్లో మాత్రం నేనెప్పుడూ దొరనే.

రెండేళ్ల కిందట ఈ అరబ్బు దేశంలోనే, సోహార్ పట్నం దాటి కొండల వైపు, వాదీ ఒడ్డున మా కంపెనీ గోడ కడుతోంది. నేను సైట్ ఇంజనీర్ని. వాదీ అంటే ఎండిన వాగే, వాన పడితే మాత్రం లారీలను కూడా ఊడ్చుకుపోతుంది. అక్కడ పునాది తవ్వుతుంటే సున్నపురాయిలో రెండు పక్కటెముకలు, ఒక వెన్నుపూస బయటపడ్డాయి.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ వాటి ముందు చతికిలబడ్డాడు.

"సార్, గిది మా అన్న."

అంతకు మూడేళ్ల ముందు, అక్కడికే పనికొచ్చిన అతని అన్నను అదే వాదీ పట్టుకుపోయింది. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోయాడని ఇంట్లో ఒప్పుకోలేదు. పెత్రామాస నాడు పెద్దల పేర బియ్యం ఇచ్చేటప్పుడు, అందరి పేర్లూ చెప్పి అతని పేరు దగ్గర ఆగిపోయేవారట.

"ఇది రాయి అయిపోయిన ఎముకయ్యా. ఏ సముద్రపు జంతువుదో, కోట్ల ఏళ్లది," అన్నాను.

"వాదీ బురద గట్టిపడితె రాయి గాదా సార్?"

అధికారులకు మర్నాడు చెబుదామనుకుని, వదులుగా ఉన్న వెన్నుపూసను మాత్రం హెల్మెట్‌లో పెట్టుకుని కారులోకి చేర్చాను. పేరు కూడా ఆలోచించేశాను, మా ఇంటిపేరుకు లాటిన్ తోక తగిలించి.

మర్నాడు డ్యూటీకి వెళ్లేసరికి గుంట ఖాళీ. రాత్రికి రాత్రే మేస్త్రీ పక్కటెముకలను ఉలితో తీసి, పసుపునీళ్లతో కడిగి, కొత్త తువ్వాలులో చుట్టి, సహం దగ్గర సముద్రంలో కలిపి వచ్చాడు. గుండు చేయించుకుని తడిబట్టలతో నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికే నోరు తెరిచాను.

"సార్, నిన్న మూడుండె. మాకు రెండే దొరికినయి. మీరేమన్న చూసిన్రా? ఒక్కటి మిగిలినా ఆయనకు దారి దొరకదు."

"లేదు. విరిగి మట్టిలో కలిసిపోయుంటుంది," అన్నాను.

అతను నమ్మాడు. నమ్మకపోయినా బాగుండేది.

ఆ ఏడు పెత్రామాసకు అన్న పేరు చెప్పి బియ్యం ఇచ్చారు. వదినె ఆ రోజే మొదటిసారి గొంతెత్తి ఏడ్చిందని చెప్పాడు.

వెన్నుపూస బౌషర్‌లో మా ఇంట్లోనే ఉంది. మొదట పుస్తకాల పక్కన పెట్టాను. తర్వాత సొరుగులోకి మార్చాను. తర్వాత సొరుగుకు తాళం వేశాను. రాయికి తాళమెందుకని మా ఆవిడ నవ్వింది. అది జంతువుదని నాకు తెలుసు. తెలిసినా ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చోవాలంటే భయం.

మొన్న సైట్‌లో మేస్త్రీ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, మా వదినె కలలకు అన్న రోజు వస్తుండట. నడుము నొస్తుంది, లేవరాదు అంటుండట. ఆ ముక్క నిజంగనే దొరకలేదా సార్?"

జేబులో తాళంచెవి చేతికి తగులుతోంది.

"దొరకలేదు," అన్నాను.