తలుపు తెరిస్తే ఆగాలి

లింబాద్రిని గురించి కామారెడ్డి యంత్రాల షెడ్లలో మొదటినుంచీ వినిపించే మాట ఒకటే: అతను వైరింగు చేసిన మిషన్ మళ్ళీ మొరాయించదు. ఆ మధ్య దానికి మరో మాట తోడైంది. అతని మూలంగానే రాకేష్ వేలు పోయిందని. నాకు తెలిసినంతవరకు ఈ రెండూ నిజమే. కాని రెండో మాట వెంబడే, లింబాద్రి తప్పు కప్పిపుచ్చుకోవడానికి కథలు అల్లాడన్న నింద కూడా పుట్టింది. ఆ నింద సంగతి విచారించవలసిన పని నామీద పడింది. అందువల్లనే అతని జీవితం కొంత నాకు తెలిసింది.

అతనిది ఎల్లారెడ్డి. వయసు యాభై దాటింది. పొద్దున్నే బస్సెక్కి, లింగంపేట రాకముందే కిటికీ కడ్డీకి తల ఆనించి నిద్రపోతాడు. కామారెడ్డిలో కండక్టరు భుజం తట్టి లేపుతాడు. చదువు ఇంటరుతో ఆగిపోయింది. మొదట రైసుమిల్లులో మోటార్లు చూశాడు. తరువాత హైదరాబాదులో, బాలానగర్ షెడ్లలో చాలాకాలం ఉండి ప్యానెళ్ళ పని నేర్చుకున్నాడు. ఆ నగరం తన ఒంటికి పడలేదని తిరిగి వచ్చేశాడు. భార్య శాంతవ్వ బీడీలు చుడుతుంది.

అతని పని బయటివారికి కనబడేది కాదు. ఇనుమును చెక్కే పాత లేత్ మిషన్‌కు ఒళ్ళు ఎంతకాలమైనా నిలుస్తుంది; దాన్ని నడిపే కంప్యూటరు మాత్రం ముందే చచ్చిపోతుంది. విడిభాగాలు ఎక్కడా దొరకవు. అప్పుడు పాత కంట్రోలరును, దాని వైర్లన్నిటినీ పీకేసి, కొత్తది బిగించి, ప్రతి వైరు రెండు కొసలకూ నంబరు తొడిగి, మళ్ళీ మొదటినుంచి కలపాలి. వారాల తరబడి ఇనుప అల్మారా వంటి ప్యానెలులో తల దూర్చి చేసే పని. సాయంత్రానికి మెడ తిరగదు, కళ్ళు మసకబారుతాయి. ఇంటికి పోయి అన్నం తినే ఓపిక కూడా ఉండదని శాంతవ్వ అంటుంది.

ఇందులో ప్రమాదమైన ఘట్టం ఒకటుంది. మిషన్ తలుపు తెరిచి ఉంటే, ఇనుపకడ్డీని పట్టి తిప్పే చక్కు తిరగకూడదు. అందుకోసం తలుపు దగ్గర ఒక స్విచ్చి ఉంటుంది. కాని పరీక్షించే రోజుల్లో తలుపు తెరిచిపెట్టి లోపలి కదలికలు చూడవలసి వస్తుంది. అందుచేత వైరింగు చేసేవారు ప్యానెలులో ఒక చిన్న వైరు ముక్క అడ్డంగా కలిపి, తలుపు మూసే ఉందని కంట్రోలరును నమ్మిస్తారు. దీన్ని లూపు అంటారు. పరీక్ష ముగియగానే లూపు తీసేయాలి. మరిచిపోకుండా ఉండటానికి లింబాద్రికి ఒక పద్ధతి ఉంది. శాంతవ్వ చాటలోంచి బీడీలు కట్టే ఎర్ర దారం తెచ్చుకుని, పెట్టిన ప్రతి లూపుకూ ముడివేస్తాడు. చివరిరోజు ప్యానెలంతా వెతికి, ఎర్ర దారం ఎక్కడా లేదనుకున్న తరువాతే తాళం వేస్తాడు.

కామారెడ్డిలోనే దివాకర్ అనే అతని షెడ్డులో వరికోత మిషన్లకు కావలసిన పిన్నులు, రోలర్లు తయారవుతాయి. కిందటేడు అతని పాత లేత్ కంట్రోలరు చెడిపోగా, ఆ పని లింబాద్రికి అప్పగించాడు. ముందు దసరా, వెనకనే కోతలు. రెండింటి నడుమ దివాకర్ తొందర అర్థం చేసుకోదగినదే. పండుగకు పని ఆపి ఇంటికి వెళ్ళిన లింబాద్రి, అది అయిన రెండు మూడు రోజులకు జ్వరంతోనే వచ్చి, మిగిలిన పని ముగించి, మిషన్ అప్పగించి వెళ్ళాడు.

వారం తిరగకముందే ప్రమాదం జరిగింది. ఆపరేటరు రాకేష్ సదాశివనగర్ వాడు, నెమ్మదైన మనిషి. తిరుగుతున్న ఇనుముకు తుక్కు తీగలాగా చుట్టుకుంటే, లాగేయడానికి తలుపు తెరిచాడు. తలుపు తెరవగానే మిషన్ ఆగుతుందన్నది అతనికి ఏళ్ళ అలవాటు. చక్కు ఆగలేదు. తుక్కు చేతి తొడుగును పట్టి లాగింది. ఎడమచేతి చూపుడువేలు సగం పోయింది.

నేను ఒక కర్మాగారపు తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి దివాకర్ నన్ను పిలిపించాడు. నేను వెళ్ళేసరికి లింబాద్రి ప్యానెలు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"చూడు సార్," అన్నాడు దివాకర్, ప్యానెలు తెరిచి. "లూపు ఎట్లున్నది గట్లనే ఉంది. దారం కట్టిన, దారం కట్టిన అంటడు. ఏది మరి? గాలికి లేచిపోయిందా?"

"కట్టిన సేటూ," అన్నాడు లింబాద్రి.

"కడితె ఏది?"

"అదే నాకు సమజైతలేదు."

"నాకు సమజైంది. మర్చిపోయినవ్. మర్చిపోయిన అని ఒక్కమాట అంటే, మనిషే గదా అనుకుందుము. గీ దారం కత ఎందుకు పెడ్తున్నవ్ మల్ల?"

లింబాద్రి తలెత్తాడు. "మరిచినోన్ని అను, పడ్త. కతలు చెప్పేటోన్ని అంటే పడ."

అతను ఎందుకు పడనన్నాడో ఆ వృత్తి ఎరిగినవారికి తెలుస్తుంది. ప్యానెలు లోపల ఏమున్నదో యజమానికి తెలియదు. పని పూర్తయిందని వైరింగు మనిషి చెబితే నమ్మడం తప్ప వేరే దారి లేదు. అబద్ధమాడతాడన్న పేరు వస్తే కామారెడ్డిలో ఏ షెడ్డువారూ అతని చేతికి ప్యానెలు తాళం ఇవ్వరు. మరో పని నేర్చుకునే వయసు దాటింది. దివాకర్ షెడ్డులోనే రెండో మిషన్ సగం వైరింగుతో నిలిచి ఉంది; దాన్ని అతను ముగిస్తాడా లేదా అన్నదాన్ని బట్టే మిగతా షెడ్లు నిర్ణయించుకుంటాయి.

నేను టార్చి వేసి చూశాను. లూపు వైరు మీద సన్నని దుమ్ము పేరుకుంది. నడుమ ఒకచోట మాత్రం శుభ్రంగా ఉంది. అక్కడ దారం ఉండి ఉండవచ్చు, ఎవరి వేలైనా తగిలి ఉండవచ్చు. అంతమాత్రాన ఎటూ తేల్చలేము.

"పండుగకు ముందు అతను వెళ్ళాక, తిరిగి వచ్చేలోగా ఈ ప్యానెలు ఎవరు తెరిచారు?" అని అడిగాను.

"ఎవరు తెరుస్తరు సార్? తాళం నా తాననే ఉంటది."

"మరి ప్యానెలు తలుపు లోపలివైపు కుంకుమ బొట్టు ఎవరు పెట్టారు?"

దివాకర్ వంగి దాన్ని చూశాడు. "దసరా నాడు మా అవ్వ పెట్టింది," అన్నాడు.

అతని తల్లి కమలవ్వ షెడ్డు వెనక ఇంట్లోనే ఉంటుంది. ముగ్గురం వెళ్ళాము. ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అవునుల్లా, నేనే తెరిపిచ్చిన," అంది నేను అడగగానే. "పైనపైన బొట్టు వెడ్తె ఏం లాభం సారూ? దాని పానమంత లోపటనే ఉంటదని వీడే అంటడు."

"లోపల ఏమైనా తీశారా అమ్మా?"

"ఎర్ర దారాలుండె. మాసిపోయినయి. పోయిన ఏడాది కంకణాలనుకున్న. పాతది ఉండంగ కొత్తది కట్టరాదు గద! మెల్లగ తీసి, ఎవరి కాళ్ళకింద పడకుంట మందారం మొదట్ల ఏసిన. తలుపు పిడికి కొత్తది గట్టిన." ఆమె మా ముఖాలు చూసి తుంచడం ఆపింది. "ఏంది బిడ్డా? ఏమన్న తప్పయిందా?"

దివాకర్ లింబాద్రి వైపు తిరిగాడు.

"ఏం తప్పు గాలేదవ్వా," అన్నాడు లింబాద్రి వెంటనే. "ఊకెనే అడిగిండు సారు. మంచిగనే చేసినవ్."

ఈ వ్యవహారం మొత్తంలో అతను నా ఎదుట ఆడిన అబద్ధం అదొక్కటే.

షెడ్డులోకి తిరిగి వచ్చాక దివాకర్ అతని చేయి పట్టుకున్నాడు. "అన్నా, నోరు జారిన. నీ తప్పు ఇసుమంత లేదు. రేపట్నుంచి వచ్చి ఆ రెండో మిషన్ అందుకో."

ఆ మాట నేను ఒప్పుకోలేదు. అతను అబద్ధమాడలేదని రుజువైంది, అంతవరకే. తప్పు లేదని రుజువు కాలేదు. దారం కట్టే పద్ధతి మంచిదే అయినా దాని అర్థం అతనొక్కడికే తెలుసు. షెడ్డులో ఇంకెవరికీ చెప్పలేదు. తమ ఇంటి మిషన్‌కు ఎర్ర దారం కనబడితే కంకణమనుకోవడం ఆ ముసలామె దోషం కాదు, ఈ ఊళ్ళో ఏ ఇల్లాలైనా అలాగే అనుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, తాళం వేసే ముందు ఒక్కసారి మిషన్ నడిపి తలుపు తెరిచి ఉంటే దారంతో పనే లేదు. అతను ఆనవాలు కోసం వెతికాడు, ఆ ఆనవాలు దేనికోసమో దాన్ని చూడలేదు. ఇదంతా అతని ముఖం మీదనే చెప్పాను.

లింబాద్రి విని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నిజమే సార్. ఎన్ని లూపులు వెట్టిన్నో, ఎన్ని తీసిన్నో యాది లేదు. దారం కనవడలే, అన్ని తీసేసిన్నే అనుకున్న. జరంతోని పెయ్యి కాలిపోతుండె. ఎప్పుడు ఇంటికి పోయి పందామా అన్నదే ఉండె మనసుల."

"ఆపకు, పిన్నులు పోవాలె అని మెడమీద కూసున్నది నేను గద," అన్నాడు దివాకర్.

అదీ నిజమే. జ్వరంతో ఉన్న మనిషిని తొందరపెట్టిన దోషం దివాకర్‌ది. రెండో మిషన్ లింబాద్రికి ఇవ్వవచ్చునా అని అతను నన్ను అడిగాడు. అది చెప్పవలసినవాడు నేను కాదని, వేలు పోగొట్టుకున్న మనిషని అన్నాను. లింబాద్రి అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు. నేనూ అతని వెంట బయలుదేరాను.

సదాశివనగర్‌లో రాకేష్ ఇంటి గడప దగ్గర మంచం మీద కట్టుతో ఉన్న చేయి ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. అతని భార్య కళ్యాణి మాకు కుర్చీలు వేసింది కాని నీళ్ళు కావాలా అని అడగలేదు.

"లూపు నేను తియ్యలే రాకేష్," అన్నాడు లింబాద్రి, కూర్చోకుండానే. "తలుపు తెరిచి చూసుకోకుంటనే తాళమేసిన. అందుకే గిట్లయింది." కమలవ్వ పేరు ఎత్తలేదు.

"ఇప్పుడొచ్చి చెప్తె వేలు మొలుస్తదా?" అంది కళ్యాణి.

"మొలువది బిడ్డా."

"మొలువదని మాకు ఎరుకే. గది చెప్పనీకె ఇంత దూరం వచ్చినవా?"

"కళ్యాణీ, జర ఆగు," అన్నాడు రాకేష్. "అన్నా, నాకు కోపం లేదనను. నువ్వు చేసినవని నమ్మే గద చెయ్యి వెట్టిన. రేపు మల్ల ఆ మిషన్ కాన్నే నిలవడాలె నేను. ఇంకో పని నాకేడ వస్తది?"

లింబాద్రి అప్పుడు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

"కొత్తోన్ని ఎవన్నన్న తెస్తె వాడు ఏడ మరుస్తడో నాకేమెరుక? నువ్వు ఏడ మరిచినవో అందరికీ ఎరుకైంది." రాకేష్ నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "చెయ్యి. కాకపోతె నేనొచ్చిన దినం నా ముంగట తలుపు తెరిచి చూపియ్యాలె. సేటు చూసిండు, సారు చూసిండు అంటె నడువది."

కోతలు ముగింపుకు వచ్చిన రోజుల్లో రాకేష్ పనికి వచ్చాడు. ఆనాటికి రెండో మిషన్ వైరింగు కూడా పూర్తయింది. లింబాద్రి మొదటి మిషన్ నడిపించి, చక్కు వేగమందుకున్నాక తలుపు లాగాడు. చక్కు ఆగిపోయింది. రెండో మిషన్ దగ్గర కూడా అలాగే చేశాడు. అదీ ఆగింది.

"ఇంకోపారి," అన్నాడు రాకేష్. వేలు పోయిన అతని చేయి జేబులోనే ఉంది.

లింబాద్రి మళ్ళీ నడిపి, మళ్ళీ తెరిచాడు.

"ఇంకోపారి."

పిన్నుల కోసం బయట ట్రాలీ ఆగి ఉంది. దివాకర్ ఓపిక పట్టలేక, "ఆగుతుంది గదరా, ఎన్నిసార్లు?" అన్నాడు.

"నా చెయ్యి జేబుల్నుంచి ఎల్లేదాంక సేటూ," అన్నాడు రాకేష్.

లింబాద్రి ముఖంలో అలసట తప్ప వేరే భావం నాకు కనబడలేదు. అతను వంగి తలుపు మూసి, మిషన్‌ను మళ్ళీ నడిపించాడు.