జర్మనీ దొర పట్నం

మొన్న చౌటుప్పల్ దాటగానే మా బస్సు ఉసూరుమని రోడ్డు పక్కన ఆగింది. ఇంజను నుంచి లేచిన పొగను చూసి, మొగులు పట్టిందనుకుని నాలుగు మండలాల రైతులు విత్తనాలు బయటికి తీసి ఉంటారు. కిటికీలోంచి చూస్తే, నిన్నమొన్నటిదాకా ఆముదం చేను ఉన్నచోట తెల్లటి సున్నం గీతలు. ఇది ప్లాటు, ఇది రోడ్డు, ఇది పార్కు. ఇంతలో ఎక్కణ్ణుంచో ఒక గొర్రెల మంద వచ్చి పార్కులోంచి ప్లాట్లలోకి, ప్లాట్లలోంచి రోడ్డు మీదికి నడిచింది. ప్లాట్లు అమ్మే పిలగాడు టై ఎగరేసుకుంటూ ఉరికొచ్చి "అవ్వా, లైన్లు పోతున్నయే!" అని మొత్తుకున్నాడు. మంద వెనకాల వస్తున్న అవ్వ కర్ర మీద గడ్డం ఆనించి, "నా గొర్లు సదువుకోలే బిడ్డా" అన్నది. నాకు మా చిన్నబాపు గుర్తొచ్చాడు. ఆయన వెనకే, ఈ ఎండకూ ఈ దుమ్ముకూ ఏ సంబంధమూ లేని ఒక జర్మనీ సైన్యాధికారి కూడా గుర్తొచ్చాడు.

మా నాయిన తమ్ముడు చిన్నబాపు. తిరుమలగిరి దగ్గరి పల్లెలో గొర్రెలు కాసేవాడు, ఒగ్గు కథ చెప్పేవాడు. ఆయన "ఓ మల్లన్నా" అని గొంతెత్తితే సూర్యాపేటలో పండుకున్న కుక్కలు లేచి కూర్చునేవి. మీసాలైతే చెప్పనక్కర్లేదు, పెద్ద వానలో ఒక్కో మీసం కింద ఇద్దరు తలదాచుకోవచ్చు. మావాళ్ల కొలుపుల్లో కథకు ముందు నేల మీద పట్నం వేస్తారు. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, తంగేడాకు పొడి, కాల్చిన ఊక. ఆ రంగులతో పూటంతా నడుం వంచి ముగ్గులాగా దేవుడి కొలువు గీస్తారు. చివర్న, గీసినవాళ్లే ఆడుతూ దాన్ని తొక్కి చెరిపేస్తారు. అదీ ఆచారం. తొక్కకుండా వదిలేస్తే కొలుపు కానట్టే. కానీ ఊళ్లలోకి డీజేలు వచ్చాక చిన్నబాపును పిలిచేవాళ్లు కరువయ్యారు. డోలు అటకెక్కింది. ఆయన మాత్రం అటక కిందే మంచం వేసుకుని పడుకునేవాడు, ఎవరైనా పిలిస్తే దింపడానికి దూరం కావద్దని.

తెలంగాణ వచ్చిన కొత్తలో అందరికీ మన కళల మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ. ఆమె తమ్ముడికి, అంటే నాకు మామకు, ఆ ప్రేమ మరీ ఎక్కువగా పుట్టింది. ఆయనకు ఒక ప్రైవేటు బడి ఉండేది. ఆ బడిలో ఈగ కూడా వరసలోనే ఎగరాలి. ఆయన దేవుడు ఒక జర్మనీ స్టాఫ్ ఆఫీసరు. ఆ దొర బతుకు మీద ఇటుకంత పుస్తకం దిండు కింద పెట్టుకునేవాడు. "బావా, వార్షికోత్సవంల గీ సారు కథ ఒగ్గుల చెప్పాలె. పోరగాండ్లకు క్రమశిక్షణ రావాలె. మంచిగ చెప్తే యేడాదికోపారి నా స్టేజీ నీదే" అన్నాడు. చిన్నబాపు ఆ పొద్దే డోలు దింపాడు. దాని మీది దుమ్ముతో ఒక ఇటుకబట్టీ పెట్టుకోవచ్చు.

ప్రతి ఆదివారం మామ చదివి వినిపించేవాడు, చిన్నబాపు కళ్లు మూసుకుని తలలో కథ కట్టుకునేవాడు. దొర తండ్రి కూడా దండులో అధికారే. పిల్లప్పుడే సైన్యం బడిలో వేశారు. ప్యాంటు పక్కన ఎర్ర పట్టీ వచ్చింది, అది స్టాఫ్ ఆఫీసర్లకే ఉంటుందట. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన తుపాకి పట్టింది లేదు. ముందు బల్ల, బల్ల మీద నక్షా, చేతిలో పెన్సిలు. ఏ దండు ఏ తొవ్వన పోవాలి, ఏ రైల్లో ఎన్ని రొట్టెలెక్కాలి, అన్నీ ఆయన గీతల ప్రకారమే. గీతకో మెట్టు ఎక్కాడు, మెట్టుకో పతకం. తూర్పు దిక్కు యుద్ధంలో కొన్ని ఊళ్లు కాల్చాలని హుకుం వస్తే, దాన్నీ నక్షా మీద గీసి కిందికి పంపాడు. ఓడిపోయాక కొన్నాళ్లు జైలు. బయటికొచ్చి, 'నేను ఎవరినీ చంపలేదు, నాకప్పజెప్పిన పని చేశాను' అని రాసుకుని, మెత్తటి పరుపు మీద ముసలితనంతో పోయాడు.

"ఆగాగు" అన్నాడు చిన్నబాపు కళ్లు తెరిచి. "కాలిన ఊర్లల్ల మందలుంటయి గద. అవి యేమైనయి? కాసెటోళ్లు యేడికి పోయిండ్రు?"

"గది పుస్తకంల లేదు బావా."

"లేకుంటె గొర్లు లేవా?"

మామ పుస్తకం మూశాడు. ఊళ్లు కాలిన ముచ్చట అసలే వద్దనీ, పతకం దగ్గర మంగళహారతి పాడి ముగించమనీ తేల్చి చెప్పాడు. చిన్నబాపు లేచి నిలబడి, "మన బీరప్ప దేవుని కథల రాచ్చసున్ని దాచిపెట్టి చెప్పమన్నట్టున్నది నీ యవ్వారం" అన్నాడు. లోపల్నుంచి చిన్నమ్మ, "మీ జర్మనోడు పాడుగాను, చాయ సల్లారుతాంది, తాగి కొట్లాడుండ్రి" అని కేకేసింది. చాయ తాగారు గానీ మాట తెగలేదు. స్టేజీ కావాలంటే కథ కొయ్యాలి, కథ కావాలంటే స్టేజీ పోవాలి. వార్షికోత్సవం నాటిదాకా చిన్నబాపు ఏదీ తేల్చలేదు. మీసాలు మాత్రం రెండు పూటలా నూనె తాగాయి.

ఆ సాయంత్రం బడి ముందరి స్టేజీ మీద ఆయన పట్నం వేశాడు. "దేవుని పట్నం గాదు, దొర పట్నం" అని ముందే దండం పెట్టి చెప్పుకున్నాడు. కుంకుమ నదులు, పసుపు రోడ్లు, ఊక రైలుపట్టాలు. యూరపు అంత అందంగా యూరపులో కూడా ఉండి ఉండదు. కథ పతకం దగ్గరికి రాగానే మామ ఇక ఆపమని సైగ చేశాడు. చిన్నబాపు చూడలేదు. మామ లేచి వెళ్లి బడి గంట కొట్టాడు. చిన్నబాపు డోలు కొట్టించాడు. గంటకూ డోలుకూ జరిగిన ఆ యుద్ధం ముందు జర్మనీవాళ్లది పిల్లలాట. గంట నాలుక ఊడిపడ్డాక కథ సాగింది. "దొరా, నీ గీత కింద ఎవ్వని ఇల్లున్నది?" అని చిన్నబాపు అడిగితే, వంతపాటగాడు "నాకేమెరుక? నేను గీతనే గీసిన" అన్నాడు. "ఎవ్వని మంద ఉన్నది?" అంటే ఈసారి బడి పిల్లలంతా అందుకున్నారు: "నాకేమెరుక? నేను గీతనే గీసిన!" మామ నేర్పిన క్రమశిక్షణ అప్పుడు అక్కరకొచ్చింది, ఒక్క గొంతు కూడా వెనకబడలేదు. "పట్నమేసినోడు పట్నం తొక్కాలె. నువ్వు తొక్కకుంట పరుపెక్కితివి దొరా. నీ బదులు నేను తొక్కుత" అని చిన్నబాపు రంగుల్లోకి దూకాడు. నదులూ రైళ్లూ పతకాలూ అన్నీ ఆయన కాళ్ల కింద ఒకే రంగు మట్టయ్యాయి. ఆ కాళ్లతోనే దిగి నడిచి మామ ముందు ఆగాడు.

"మల్ల నిన్ను పిలువ బావా" అన్నాడు మామ, ఊడిపడ్డ గంట నాలుక చేత పట్టుకుని.

"పిలువకు బామ్మర్దీ. కథైతే మొత్తం చెప్పిన."

నిజంగానే పిలవలేదు. ఆ తర్వాత ఏ స్టేజీ మీదికీ చిన్నబాపు ఎక్కలేదు. మందలు పడుకున్న చేన్లలో, బీడుల్లో, విన్నవాళ్లకల్లా జర్మనీ దొర కథ చెప్పాడు, ప్రతిసారీ నేల మీద గీసి, ప్రతిసారీ తొక్కి. ఇప్పుడు ఆయన గొంతు సూర్యాపేట దాకా పోదు, మంచం దాకే వస్తుంది. బస్సులోంచి ఫోన్ చేసి, ఇక్కడ చేనంతా గీతలు గీశారని చెప్పాను. "నీకు కాళ్లు లేవా బిడ్డా?" అన్నాడు.

దిగాను. పార్కు మీదుగా అటు చివరిదాకా నడిచాను, టై కట్టుకున్న పిలగాడు చూస్తుండగానే. వెనక్కి తిరిగేసరికి బస్సు బాగై వెళ్లిపోయింది. చెప్పుల కుట్లలో ఆ సున్నం ఇంకా ఉంది, కడగలేదు. రేపు వాళ్లు మళ్లీ గీస్తారు, తెలుసు. కాలం కూడా పట్నం వేసే మనిషిలాంటిదే, తాను గీసింది ఒకనాడు తానే తొక్కుతుంది. కాకపోతే దానికి తొందరుండదు, అందుకే నడుమ మనం కాస్త కాళ్లు ఆడించాల్సి వస్తుంది.