రిలీవర్ వచ్చేదాకా

కారు జాకీ మీద ఉంది కాబట్టి ఆ సాయంత్రం కూర్మన్నపాలెంలో బస్సెక్కాను. బ్రేకులు ఇంట్లోనే మార్చేస్తానని మా ఆవిడకు మాటిచ్చి, పొద్దుటి నుంచి ముందు చక్రం దగ్గరే ఆగిపోయాను. బోల్టులన్నీ తీసేసినా, సముద్రపు గాలికి తుప్పుపట్టి చక్రం ఇరుసుకు అతుక్కుపోయింది. మర్యాదగా లాగాను, తరువాత తన్నాను. అది నన్ను పట్టించుకోలేదు.

కిటికీ పక్కన స్టీల్ ప్లాంటు యూనిఫాంలో ఉన్నాయన నా చేతులకంటిన తుప్పు చూశాడు.

“ఏటి బావ, ఆ సేతులు?”

చెప్పాను.

“దాని రిలీవర్ రానేదేటో. రాకుండా అదెలగొదిలెల్తాది?” అన్నాడు నవ్వకుండా.

ప్లాంటులో రిలీవర్, అంటే తరువాతి షిఫ్టు మనిషి, వచ్చి పని అందుకునేదాకా ఎవరూ కదలకూడదు.

“నాకూ రానేదు బావ. రెండు షిఫ్టులూ నానే సేసినాను. రేత్రికి మల్లీ డ్యూటీ. ఈ బస్సులో పడుకున్నదే నిద్ర.”

ఆ మాట పూర్తయ్యేలోగా ఆయన తల నా భుజం మీదికి వచ్చేసింది. ఆ రోజు నేను లాగకుండా వచ్చింది అదొక్కటే.

కంచరపాలెంలో నేను దిగాలి. కదిలితే ఆయన లేస్తాడు. పక్కన నిలబడ్డ పెద్దాయనకు సైగ చేశాను. నేను తలను మెల్లగా పట్టుకుంటే, ఆ పెద్దాయన నా చోట్లోకి జారి భుజం ఆనించాడు.

“నానున్నాను. నువ్వెల్లు బాబూ,” అన్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక చక్రాన్ని మళ్లీ తన్నలేదు. మెకానిక్‌కు ఫోన్ చేసి, అతనొచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాను.