దడిలో నీటికాకి

దమ్మామ్‌లో నేను ఫోర్క్‌లిఫ్టులు బాగుచేస్తాను. గోదాములో నాతో పనిచేసిన ఫిలిప్పీన్స్ అతను ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా తన దేశం వెళ్లిపోతూ తన పాత కెమెరా నాకు ఇచ్చేశాడు. ఆ చలికాలమంతా శుక్రవారం వస్తే చాలు, దాన్ని మెళ్లో వేసుకుని సముద్రపు ఒడ్డున తిరిగేవాణ్ణి. నా పిచ్చి చూసి మా కంపెనీ డ్రైవరు, కడప మనిషి, ఒకరోజు అన్నాడు:

"ఏందన్నా, ఊరికే నీళ్లను ఫోటోలు తీస్తాండావు? చేపలు పట్టే పక్షిని సూపిస్తా, వస్తావా? ఒక ముసలాయన దగ్గర ఉండాది."

చైనాలో నీటికాకులతో చేపలు పట్టే వీడియోలు ఫోన్లో చూసి ఉన్నాను. వెదురు తెప్ప మీద లాంతరు, పక్షి మెడకు చిన్న తాడు, అది మునిగి తెచ్చిన చేపను మనిషి దాని నోట్లోంచి లాక్కోవడం. సౌదీలో అలాంటిది ఉంటుందంటే నమ్మకం కుదరలేదు. అయినా బయల్దేరాను.

ఖతీఫ్ వైపు మడచెట్లు దాటేసరికి సముద్రపు పాటుకు నీరు బాగా తీసింది. కనుచూపు మేర తడి బురద. అందులో ఖర్జూరపు మట్టలు ఒత్తుగా పాతిన పొడవాటి దడి. పోటు నీటితో వచ్చిన చేపలు ఆ దడి వెంబడే ఈదుకుంటూ పోయి, చివర గుండ్రంగా కట్టిన చిన్న గదిలో దూరతాయి. నీరు తీసినా అవి మాత్రం అక్కడే చిక్కుకుపోతాయి. దడిని హద్రా అంటారు. చివరి గదిని సిర్ అంటారు. సిర్ అంటే రహస్యమని డ్రైవరు చెప్పాడు.

ముసలాయనకు డెబ్బై దాటి ఉంటాయి. పొడవాటి తోబు అంచులు నడుముకు దోపుకుని బురదలో నడిచి వస్తున్నాడు. రెండడుగుల వెనక, బాతులా ఊగుతూ, నల్లటి నీటికాకి.

"అస్సలాము అలైకుం, హజ్జీ" అని డ్రైవరు పలకరించాడు.

ఆయన సలాం చెప్పి, నా కెమెరాను పైనుంచి కిందికి చూసి ఏదో అన్నాడు.

"దాన్ని పక్కన పెట్టి బుట్ట పట్టుకోమంటాండాడు" అన్నాడు డ్రైవరు.

"పక్షి మెడకు తాడు కడతాడేమో అడుగు" అన్నాను నేను.

ఆ ప్రశ్న విని ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వాడు. డ్రైవరు కూడా నవ్వుతూనే చెప్పాడు. "తాడు కడితే అది తినేదెట్ల? తినేకే గదా అది పని జేసేది, అంటాండాడు."

రెండు చలికాలాల కిందట ఆ పక్షి తెగిన నైలాను వలలో చిక్కి, రెక్క చీరుకుపోయి దొరికిందట. ఇంటి పెరట్లో పెట్టుకుని చిన్న చేపలు తినిపించాడు. రెక్క అతికింది గానీ దూరం ఎగరలేదు. మిగతావి ఎండలు ముదరగానే వెళ్లిపోయాయి. ఇది ఉండిపోయింది. లోహ్ అని పిలుస్తాడు. ఇక్కడివాళ్లు నీటికాకిని అనే మాటే అది.

మేం మట్టల తలుపు తోసుకుని సిర్‌లోకి దిగాం. మోకాలి లోతు నీళ్లు. ముసలాయన కర్రతో గుంజ మీద రెండు దెబ్బలు కొట్టాడు. పక్షి చప్పుడు లేకుండా మునిగింది. నీటి మీద సన్నని గీత మాత్రం కనిపిస్తోంది. ఆ గీతకు బెదిరి చేపలన్నీ ఒక మూలకు పరుగెత్తాయి. ఆ మూలలో చేతివల పట్టుకుని ఆయన ముందే వంగి ఉన్నాడు. పక్షి ఎక్కడుందో ఆయన చూడలేదు. నీటి రంగునే చూస్తున్నాడు. వల ఎత్తిన ప్రతిసారీ ఒక చిన్న చేపను పక్కకు విసిరేవాడు. లోహ్ దాన్ని తలవైపు నుంచి మింగేది.

ఇక ఆగలేకపోయాను. బుట్ట వదిలేసి, గట్టు మీద పెట్టిన కెమెరా కోసం బయటికి పరుగెత్తి, మళ్లీ లోపలికి దూకాను. తలుపు మూయాలన్న ధ్యాసే లేదు. నా నీడకు పక్షి బెదిరి అడ్డం తిరిగింది. చేపలన్నీ నా మోకాళ్లను రాసుకుంటూ తెరిచిన తలుపులోంచి బయట బురదలో పారే కాలువలో పడ్డాయి. రెప్పపాటులో సిర్ ఖాళీ.

డ్రైవరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ముసలాయన కాలువ వైపు చూసి, మెల్లగా ఒక మాటన్నాడు.

"ఏమన్నాడు?"

"ఈ పొద్దు వాటికి ఇంకా బతుకు రాసి పెట్టిండాదంట. చాయ్ తాగుదాం రమ్మంటాండాడు."

తిట్టి ఉంటే బాగుండేది. ఖాళీ బుట్ట ఎత్తుకుని ఆయన వెనకే నడిచాను.

తర్వాతి శుక్రవారం కెమెరా లేకుండా వెళ్లాను. ఆ వారం గాలికి దడిలో ఒక వరస కూలిపోయింది. ముసలాయన ఒక్కడే కూర్చుని వంకర్లు పోయిన వేళ్లతో మట్టలు కడుతున్నాడు. పక్కన కూర్చుని నేనూ కట్టసాగాను. నేను వేసింది బాపట్ల దగ్గర మా నాన్న వలలకు వేసే ముడి. ఆ వలల నుంచి పారిపోవడానికే నేను డిప్లొమా చదివాను. వేళ్లు మాత్రం దాన్ని మరిచిపోలేదు.

ఆయన నా ముడిని గట్టిగా లాగాడు. ఊడలేదు.

"హాదా మిన్ వేన్?" అన్నాడు. ఎక్కడిది ఇది?

"అబూయ" అన్నాను. మా నాన్నది. "సమక్" అని కూడా చెప్పాను. చేపలు. నాకొచ్చిన అరబ్బీ అంతే.

ఆయన చేతిలో మట్ట కింద పెట్టి నా ముఖం చూశాడు. అంతవరకూ నన్ను సదీక్ అనేవాడు. మాటకు స్నేహితుడనే అర్థమైనా, ఇక్కడ మా లాంటి పనివాళ్లందర్నీ అలాగే పిలుస్తారు. ఆ రోజు నుంచి సమ్మాక్ అన్నాడు. చేపలవాడు. మా ఊళ్లో ఆ మాట నా మీద పడకూడదనుకున్నాను. ఇక్కడ పడితే ఛాతీ పొంగింది.

ఆరు శుక్రవారాలు బుట్ట మోశాను. ఒకసారి సాఫీ అనే చేప విషపు ముల్లు బొటనవేల్లో దిగి చెయ్యంతా మంటెత్తింది. ఆయన విషం విరగడానికి నా వేలిని వేడి చాయ్ గ్లాసుకు అదిమిపెట్టి, మంట తగ్గేదాకా వదల్లేదు. ఆ చూపు, ఆ ఓపిక, ఏ చేపను ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన ఆ చేతులు నేను ఏ వర్క్‌షాపులోనూ చూడలేదు. లోహ్ కూడా నాకు అలవాటు పడింది. నా కాళ్ల మధ్య నుంచే ఈదుకుంటూ పోయేది.

ఏడో వారం ఆయనే సైగలు కలిపి అన్నాడు: "కెమెరా తే. ముఖం మాత్రం వద్దు. చేతులు, నీళ్లు, లోహ్, ఎన్నైనా తీసుకో."

తీసినవి కొన్నే. ఒకటి కుదిరింది. పొద్దుటి ఎండ అడుగు దాకా దిగిన నీటిలో, మెడ చాచిన నల్ల పక్షి, దాని ముందు మెలి తిరిగిన వెండి చేపల గుంపు, వాటికి ఎదురుగా వల పట్టుకుని కాచుకున్న రెండు ముసలి చేతులు.

పెద్దగా ప్రింటు వేయించి మరుసటి వారం తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడని నిలబడ్డాను. ఆయన ఫోటో అంచున వేలు పెట్టాడు.

"ఈ గుంజ వాలింది, సమ్మాక్."

ఫోటోను తల మీది గుత్రా గుడ్డలో జాగ్రత్తగా చుట్టి, ఒడ్డున ఆపిన తన బండిలో పెట్టాడు. సుత్తి తీసుకుని బురదలోకి నడిచాడు. వెనకే లోహ్, దాని వెనక నేను. వాలిన గుంజను రెండు చేతులతో నిలబెట్టి పట్టుకున్నాను. ఆయన కొట్టడం మొదలుపెట్టాడు.