కడగని రీలు

మా ఊరికి బూర్గంపాడు నుంచి వచ్చే ఫొటోలతని దగ్గర ఇంకా రీలు కెమెరానే ఉండేది. "ఫోన్ల జమానాల గీ డబ్బా ఏందన్నా?" అని అందరూ నవ్వేవారు. "రీలు కడిగినంకనే చూడాలె" అనేవాడు, అంతే.

తునికాకు కట్టలు కడుతున్న మా ఆయనను ఫొటో తీశాడు. మా ఆయనకు అదొక్కటే ఫొటో. వారానికే పాము కరిచి పోయాడు.

దినాలకు అతను వచ్చి, కెమెరా మంచం మీద పెట్టి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మా ఆయన ముఖం చూద్దామని నేను వెనక మూత తెరిచాను. లోపల నల్లటి రీలే ఉంది. అతను ఉరికొచ్చి మూత మూశాడు.

ఇప్పటికీ సంతలో కనిపిస్తే అడుగుతాను.

"మా ఆయన ఫొటో వచ్చిందా అన్నా?"

"ఇంకా కడగలే చెల్లె" అంటాడు, నా ముఖం చూడకుండా.

వెలుగు తగిలిన రీలులో ఏమీ మిగలదని నాకు ఎప్పుడో తెలిసింది. అయినా అడగడం మానలేకపోతున్నాను.