నొప్పికి స్తోత్రం చెప్పించారు

2022 వానాకాలం. హైదరాబాద్ పాతబస్తీలో, మొఘల్‌పురా దగ్గర ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో, ఎముకల వార్డులో నర్సుగా ఉన్నాను. ధూల్‌పేట్ నుంచి కరుణ అనే అమ్మాయిని తీసుకొచ్చారు. తడి మెట్ల మీద జారిపడి కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. మగ్గం పని చేస్తుంది; పెళ్లి జాకెట్ల మీద పూసలు, జరీ కుడుతుంది. పొద్దున డాక్టర్ గారు మత్తిచ్చి, ఎముకలు సరిచేసి ప్లాస్టర్ వేశారు.

ప్లాస్టర్ లోపల వాపు పెరిగితే రక్తం ఆడక కండరాలు చచ్చిపోతాయి. దాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. దానికి మొదటి గుర్తు మందులకు లొంగని నొప్పి. ఆ మాట రోగి నోటి నుంచే రావాలి. వేళ్లు రంగు మారేదాకా ఆగితే చాలాసార్లు చెయ్యి దక్కదు.

మధ్యాహ్నం డ్యూటీకి రాగానే కరుణ దగ్గరికి వెళ్లాను.

"నొప్పి ఎట్లుందమ్మా?"

"దేవునికి స్తోత్రం సిస్టర్. ఏం లేదు."

ముఖమంతా చెమట. పొద్దుటి నుంచి ఎవరడిగినా అదే జవాబట. పక్కనే కూర్చున్న అత్తగారు గర్వంగా అందుకుంది: "మా కోడలు మస్తు విశ్వాసమున్న పిల్ల సిస్టర్. తల పలగలే, నడుం ఇరగలే. గంత పెద్ద మేలు చేసిండు దేవుడు. నొప్పి నొప్పి అని సణిగితే ఎట్ల?"

పక్క మంచం మీద మోకాలు విరిగి బార్కస్ నుంచి వచ్చిన పెద్దావిడ ఉండబట్టలేక అంది: "పొద్దుగాల్నుంచి దిండు కొరుకుతున్నది సిస్టర్. 'గట్టిగ అరువు బేటీ, అల్లా ఏం అనుకోడు' అని నేనన్న. అత్త నా మీదికి లేచింది."

లోపల ఒత్తిడి పెరిగిందేమో చూడటానికి కరుణ వేలు ఒకటి పట్టుకుని మెల్లగా చాపాను. ఒళ్లంతా బిగుసుకుపోయింది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"స్తోత్రం చెప్పు బిడ్డా," అంది అత్త.

ఆ పిల్ల చెప్పింది.

డాక్టర్ గారికి ఫోన్ చేశాను. వెంటనే ప్లాస్టర్ చీల్చమని, తను వస్తున్నానని అన్నారు. నేను కట్టర్ తెచ్చేసరికి వాళ్ల పాస్టర్ మంచం దగ్గర నిలబడి, చర్చి సంఘానికి పంపడానికి, దేవుడు చేసిన మేలు గురించి కరుణ చెప్పే సాక్ష్యం ఫోన్‌లో రికార్డు చేస్తున్నాడు.

"పక్కకు జరగండి."

"ఒక్క నిమిషం తల్లీ. శ్రమలో స్తుతించడమే మనకు బలం."

నేనూ చర్చిలో పెరిగినదాన్నే. నాకు ఒళ్లు మండిపోయింది. "శిలువ మీద ప్రభువే గట్టిగ అరిచిండు గదా పాస్టర్ గారూ! ఈ పిల్ల అరిస్తే మీకేం పోతది? బయటికి నడువుండ్రి!"

వార్డంతా వినిపించేలా అరిచాను. ప్లాస్టర్ చీల్చి, కింది దూది కూడా కత్తిరించగానే కరుణ "అమ్మా!" అని పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ సాయంత్రమే కండరాల మీది పొరను కోసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్, ఫేషియాటమీ, చేశారు. చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం వంకర తిరిగి ఉండిపోయాయి. సూది పట్టవు.

కొన్ని నెలల తర్వాత ఫిజియోథెరపీకి ఒక్కతే వచ్చినప్పుడు చెప్పింది: "చెయ్యి దక్కినందుకు ఆదివారం సాక్ష్యం చెప్పుమన్నరు సిస్టర్."

"చెప్పినవా?"

"నిలబడ్డ. నొప్పున్నదంటే విశ్వాసం లేదంటరని నోరు మూసుకున్న, గందుకే నా వేళ్లు పోయినయ్ అని చెప్పిన. మైకు గుంజుకున్నరు. గప్పటిసంది అత్త మాట్లాడుతలేదు."

"మరి ప్రార్థన?"

"చేస్తున్న. లొల్లి గూడ పెట్టుకుంటున్న దేవునితోని."

ఆ పిల్ల పొద్దున్నే అరిచి ఉంటే ఇవాళ మగ్గం ముందు కూర్చుని ఉండేది. ఆ కోపం నాలో చల్లారలేదు. ఇప్పుడు ఏ రోగినైనా నొప్పి గురించి అడిగేముందు మంచం చుట్టూ ఉన్నవాళ్లను బయటికి పంపేస్తాను. అత్తలైనా సరే, పాస్టర్లైనా సరే. కొందరు అలుగుతారు. అలగనీ.