నీళ్ళు కలపని మందు

నా చిన్నప్పుడు, నాకు పదకొండేళ్ళు నిండిన ఏడాది, అరవవాళ్ళ ఆడి నెలలో మా అమ్మ పది రోజులు ఇంట్లో లేదు. శోళవరంలో మా పిన్నికి కాన్పు. పొయ్యి, అంట్లు, ఇల్లు ఊడవడం అన్నీ నా చేతికి వచ్చాయి. మాది కనకమ్మ సత్రం అనే ఊరు. తిరుత్తణి బస్సులు ఆగే కూడలి దాటి కొంచెం లోపలికి నడిస్తే మా ఇల్లు, ఇంకొంచెం పోతే మా వేరుశనగ చేను, మోటారు బావి.

నేను కుదురుగా ఉండే పిల్లను కాదు. అన్నం ఉడికిందో లేదోనని పదిసార్లు మూత తీసేదాన్ని. విత్తనం వేసిన మర్నాడే మన్ను కెలికి మొలక వచ్చిందా అని చూసేదాన్ని. అమ్మ ఉంటే చేతి మీద ఒకటి వేసి ఆపేది. ఆ పది రోజులు ఆపే మనిషి లేదు.

అమ్మ వెళ్ళిన రెండో రోజే మా నాయన కాలువ గట్టు తెంపుతూ పార కాలి మీద వేసుకున్నాడు. పాదం పైన వేలెడు పొడవు తెగింది. సర్కారు ఆస్పత్రిలో నర్సక్క కడిగి కట్టు కట్టింది. ఆమె చర్చి పక్క వీధిలో ఉండేది. ఆస్పత్రిలో అందరితో అరవంలో మాట్లాడినా మాతో మాత్రం తెలుగే. ఇంటి దగ్గర రోజూ కట్టు మార్చమని, మేము తీసుకెళ్ళిన ఖాళీ టానిక్ సీసాలో పుండు కడిగే మందు పోసి ఇచ్చింది. ఒక మూత మందుకు ఇరవై మూతల నీళ్ళు, అవీ కాచి చల్లార్చినవి కలపాలని చెప్పింది. పుండు మానేదాకా ఎక్కువ నడవొద్దని కూడా చెప్పింది.

ఆ చివరి మాటే నా మనసులో ముల్లులా గుచ్చుకుంది. తిరుత్తణి కొండ మీద జరిగే ఆడికృత్తిక పండగ ఇంక ఎనిమిది రోజులే ఉంది. ఆ ఏడాది నాయన ఆ కొండకు కావడి మొక్కుకున్నాడు. మెట్ల దారిన ఆయన పక్కన నేనూ నడవాలని, పసుపు బట్టలు కూడా తీసి పెట్టుకున్నాను. ఆ పుండు ఎనిమిది రోజుల్లో మానాలి. రెండు రోజులు నర్సక్క చెప్పినట్టే చేశాను. తేనె రంగు మందు నీళ్ళలో పడగానే బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా మారేది. కట్టు విప్పినప్పుడల్లా పుండు ఎంత పూడిందోనని వంగి చూసేదాన్ని. నిన్న ఉన్నట్టే ఉండేది.

మూడో రోజు పొద్దున నాకొక ఆలోచన వచ్చింది. పాలలో నీళ్ళు కలిపాడని అమ్మ పాలాయనతో రోజూ గొడవ పడేది. నీళ్ళు కలిపితే పాలు పలచనవుతాయి, మందు మాత్రం కాదా? సర్కారు ఆస్పత్రిలో మందు చాలినంత ఉండదు గనుక పొదుపుకోసం నీళ్ళు కలపమంటున్నారని నాకు నేనే తేల్చుకున్నాను. గడప మీద నాయన కాలు చాపి కూర్చున్నాడు. దూదిని ఉత్త మందులో ముంచి, కారుతుండగానే పుండు మీద పరిచి, పాత పంచె పేలికతో గట్టిగా చుట్టేశాను.

ఆయన కాలి వేళ్ళు ముడుచుకుపోయాయి. తలుపు చట్రం పట్టుకున్నాడు.

"ఈ పొద్దు మంట కొంచెం జాస్తిగా ఉండాది పాపా," అన్నాడు.

"మందు పని చేస్తా ఉండాది నాయనా," అన్నాను, ఎంతో తెలిసినదానిలా.

ఆయన తల ఊపి, చేతికర్ర పట్టుకుని చేనికి వెళ్ళాడు. నేను చేతులు పావడాకు తుడుచుకుని బడికి పరిగెత్తాను.

రెండో పీరియడుకే వేళ్ళు చురచురలాడడం మొదలైంది. చూస్తే, దూది పట్టుకున్న రెండు వేళ్ళ కొసలూ తెల్లబడి, ముడతలు పడి ఉన్నాయి. చెయ్యి దాచుకున్నాను. మళ్ళీ తీసి చూశాను. ఇంకాసేపటికి ఆ తెలుపు చుట్టూ ఎరుపు వచ్చింది, మంట పెరిగింది. అప్పుడు తట్టింది. రెండు నిమిషాలు దూది పట్టుకున్న వేళ్ళే ఇట్లా అయితే, ఆ దూదినే గట్టిగా కట్టుకుని చేనంతా తిరుగుతున్న కాలు ఎట్లా ఉండాలి?

ఇంటికి పోతానని అడిగితే టీచరు కారణం చెప్పమంది. చెప్పలేకపోయాను. కూర్చోమంది. కూర్చోలేకపోయాను. నీళ్ళు తాగాలని ఒకసారి, పలక కడగాలని ఒకసారి లేచాను. మూడోసారి లేస్తే బెంచీ మీద నిలబెట్టింది. అక్కడి నుంచి కిటికీలో రోడ్డు కనిపిస్తోంది. పోయే ప్రతి బస్సు వెంటా నా ప్రాణం పోయి తిరిగి వస్తోంది. మధ్యాహ్నం గంట ఇంకా మోగుతుండగానే నేను గేటు దాటేశాను.

నాయన మోటారు గది ముందు నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కర్ర కింద పడి ఉంది. ముఖం నల్లబడిపోయింది. కట్టు మాత్రం నేను కట్టినట్టే ఉంది. అంత మంట పెడుతుంటే విప్పలేదేమని అడిగాను.

"నువ్వు కట్టింది గదా," అన్నాడు. "నువ్వే వచ్చి విప్పుతావని అట్లే పెట్టుకున్నా."

విప్పాను. పుండు కంటే పుండు చుట్టూ ఉన్న చోటే ఘోరంగా ఉంది. చర్మం తెల్లగా ఉబ్బి, పక్కకు ఒలుచుకుపోయి, అంచుల్లో నీటి బొబ్బలు లేచాయి. పక్కనే తొట్టిలోకి మోటారు నీళ్ళు ధారగా పడుతున్నాయి. కడగాలని నాకు తోచలేదు. కాచని నీళ్ళు పుండుకు తగలకూడదన్న ఒక్క సంగతే గుర్తుంది. ఆస్పత్రికి పోదామన్నాను. ఇంటికి పరిగెత్తి సైకిలు, మందు సీసా తెచ్చి, వెనక సీటు మీద ఆయన్ను కూర్చోబెట్టి తోశాను. ఎండకు తారు మెత్తబడిన రోడ్డు, చెవి పక్కనే హారన్ కొట్టుకుంటూ పోయే లారీలు. నిజం చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒక బండి అడ్డొచ్చింది. బండి పోయాక నా ధైర్యం కూడా దానితోనే పోయేది.

నర్సక్క కాలిని చూసి, వంగి వాసన చూసింది. వెంటనే కాలి కింద బేసిన్ పెట్టి చెంబు తర్వాత చెంబు మంచినీళ్ళు నెమ్మదిగా పోస్తూ పోయింది. ఎంతసేపు పోసిందో, బకెట్ రెండుసార్లు నింపుకొచ్చింది. తర్వాత అడిగింది.

"ఎవరు కట్టినారు ఇది?"

"నేనే కట్టుకున్నానమ్మా," అన్నాడు నాయన. "తొందరలో నీళ్ళు కలపలేదు."

నీళ్ళు కలపలేదని ఆయనకు నేను చెప్పలేదు. దారిలోనో, చేనిలోనో ఆయనే తెలుసుకున్నాడు. తెలుసుకుని తన మీద వేసుకున్నాడు. నర్సక్క ఆయన వైపు చూడకుండా, వీపు వెనక దాచుకున్న నా చేతుల వైపు చూస్తోంది. ఊరుకుంటే గడిచిపోయేది. కానీ ఊరుకుని నిలబడడం నాకు ఎప్పుడూ చేతకాదు.

"నాయన కాదు, నేను," అన్నాను. "సీక్రం మానాలని నీళ్ళు కలపలేదు."

చెంపదెబ్బ కోసం ఎదురుచూశాను. నర్సక్క నా రెండు చేతులూ పట్టుకుని కుళాయి కింద పెట్టింది. నీళ్ళు పడుతుండగా తక్కువ గొంతుతో అంది.

"నీళ్ళు కలపమని చెప్పినా గానీ, కలపకపోతే ఏమవుతాదో చెప్పలేదు. అది నా తప్పు."

అప్పటిదాకా ఒక పెద్ద మనిషి చిన్నపిల్ల ముందు తన తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు. నాకు ఏడుపు వచ్చింది. నా చేతులు వదలకుండానే ఆమె మిగతాదీ చెప్పింది.

"ఈ మందుకు మంచీ చెడూ తెలీదు పాపా. పురుగునీ చంపుతాది, కొత్తగా వచ్చే చర్మాన్నీ చంపుతాది. నీళ్ళు కలిపితేనే దాని దూకుడు తగ్గేది."

చేని నుంచి వచ్చామని తెలిసి, పక్కన మోటారు నీళ్ళు పెట్టుకుని కూడా కడగలేదా అని నాయన్ను అడిగింది. మంట ఓర్చుకోలేనంత ఉంటే మందు పని చేస్తోందని కాదు, అప్పటికప్పుడు విప్పి నీళ్ళు పోస్తూనే ఉండాలని ఇద్దరికీ కలిపి చెప్పింది. తాను నర్సు పని నేర్చుకునే రోజుల్లో ఎవరో నేల కడిగే మందును సోడా సీసాలో పోసి పెడితే, దాహంతో వచ్చిన ఒకాయన అది తాగేశాడట. ప్రాణం దక్కింది కానీ గొంతు పాడైపోయింది. అది చెప్పాక, మా టానిక్ సీసాను ఆమె చాలాసేపు చేతిలో తిప్పి చూసింది. ప్లాస్టరు ముక్క కత్తిరించి అతికించి, దాని మీద తెలుగులో రాసింది: తాగరాదు, నీళ్ళు కలపకుండా వాడరాదు. నాకు అప్పటికి చదవను వచ్చింది అరవం ఒక్కటే. అందుకని అదే మాటను దాని కింద అరవంలో నా చేత రాయించింది.

నాయన కాలికి ఇంకో వారం ఆ మందు తగలకూడదంది. కాచి చల్లార్చిన నీళ్ళు, ఆమె ఇచ్చిన ఆయింట్‌మెంట్, వదులుగా కట్టు, అంతే. ఎవరినైనా పంపండి అక్కా, నేను కట్టనని బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు. సీసా నా చేతికే ఇచ్చి, ఇంట్లో ఎత్తు మీద పెట్టమంది.

మర్నాడు పొద్దున నేను వేడినీళ్ళు చల్లారేదాకా గిన్నె చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. వేలు ముంచి చూడలేదు. నాయన గడప మీద కూర్చుని, నేను పిలవకముందే కాలు ముందుకు చాపాడు. భయం లేదా అని అడిగాను.

"నిన్న పడాల్సింది భయం," అన్నాడు. "ఇప్పుడు నీకు తెలుసు గదా."

ఆ ఆడికృత్తికకు మేము కొండెక్కలేదు. ఇంటి ముందు నుంచి కావళ్ళు పోతుంటే ఇద్దరం అరుగు మీద కూర్చుని చూశాం. శోళవరం నుంచి వచ్చిన అమ్మకు జరిగింది నేనే చెప్పాను. నాయన మొక్కు తీర్చుకునేసరికి చలికాలం వచ్చింది. ఆ పాదం మీద రూపాయి బిళ్ళంత చోట వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. చివరిదాకా ఆయన దాని గురించి నన్ను ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నేను తిరువళ్ళూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. కరోనా ఏళ్ళలో ఇంటింటా మందులు చల్లిన రోజుల్లో, మా కోడలు స్నానాల గదిలో బ్లీచింగ్ పొడి చల్లి, ఇంకా శుభ్రమవుతుందని దాని మీదే యాసిడ్ పోసింది. ఘాటు వాసన హాల్లోకి కొట్టింది, లోపల దగ్గు వినిపించింది. నా మోకాళ్ళ నొప్పి ఏమైందో తెలియదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆమెను బయటికి లాగి, పిల్లల్ని మేడ మీదికి పంపి, ఇంటి తలుపులన్నీ తెరిచాను. రెండూ కలిస్తే ఊపిరాడనివ్వని గాలి పుడుతుందని నాకు తెలుసు. ఆ గదిలోకి సాయంత్రందాకా ఎవరినీ పోనివ్వలేదు.

ఊపిరి తేరుకున్నాక ఆమె కళ్ళనీళ్ళతో, తప్పయిపోయింది అత్తమ్మా అంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆ రెండూ కలపకూడదని తెలిసి కూడా ఇన్నాళ్ళూ చెప్పనిది నేను. ఆ మాటే ముందు ఆమెతో అన్నాను, తర్వాతే ఎందుకు కలపకూడదో చెప్పాను.